డాక్టర్ మాంటిస్సోరి మొదటి విద్యార్థులు

మాంటిస్సోరి అన్న పేరు వినని వారు మన ప్రాంతంలో అరుదు. చిన్నపిల్లల బడుల పేరుపలకలపై ఆ మాటను మనం తరచుగా చూస్తూనే ఉంటాము. అయితే అది ఒక స్త్రీ పేరని, ఆమె వైద్యురాలని, ఆమె మొట్టమొదట చదువు చెప్పినది పిచ్చాసుపత్రి గదులలో మగ్గుతున్న పసివారికని ఎరిగినవారు కొద్దిమందే. ఆమె జీవితంలో ఆ తొలిభాగమే మాకు ముఖ్యముగా తోచినందున, ఇక్కడ దానినే విపులంగా చెప్పదలచాము.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని క్యారవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనీల్డె చదువుపై మక్కువ గల ఇల్లాలు. ఆమె అండతోనే మరియా వైద్యవిద్యకు పూనుకొన్నారు. పురుష విద్యార్థుల సరసన నిలిచి శవచ్ఛేదం చేయడం స్త్రీకి తగదని భావించిన కాలమది. అందుచేత ఆమె సాయంవేళ ఒంటరిగా శవాల మధ్య పని నేర్చుకోవలసి వచ్చింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం అందుకొన్నారు.

అటుపిమ్మట విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో సహాయకురాలిగా చేరి, ఆ పనిమీద నగరంలోని పిచ్చాసుపత్రులకు వెళ్ళి వస్తుండేవారు. మాట రాని పిల్లలు, బుద్ధి వికసించని పిల్లలు, మూర్ఛలతో బాధపడే పిల్లలు అక్కడ పెద్ద రోగులతోపాటే బందీలై ఉండేవారు. ఒకచోట బోసిగోడల గదిలో కొందరు పసివారు భోజనానంతరం నేలపై పడిన రొట్టె తునకలకై దేవులాడుతున్నారు. కాపలామనిషి దానిని తిండియావగా ఎంచి అసహ్యించుకొన్నది. మరియా గదిని కలయజూశారు. అందులో ఒక బొమ్మ లేదు, ఒక చెక్కముక్క లేదు, చేతికి తగిలే వస్తువేదీ లేదు. ఆ పిల్లలు రొట్టెను తినుటకు గాక తాకి చూచుటకే వెదుకుచున్నారని ఆమె గ్రహించారు. తక్కిన జీవితమంతా ఆ గ్రహింపు నుండి పుట్టినదే.

అంతకు పూర్వమే ఫ్రాన్సులో ఇటార్డ్ అనే వైద్యుడు అడవిలో దొరికిన మాటరాని బాలునికి ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చాడు. ఆయన శిష్యుడు సెగ్విన్ ఇట్టి పిల్లల కొరకు ప్రత్యేక పద్ధతులను రూపొందించాడు. మరచిపోబడిన ఆ గ్రంథాలను మరియా వెదకి తెచ్చి, స్వహస్తాలతో ఇటాలియను భాషలోనికి వ్రాసుకొన్నారు. ఈ పిల్లలకు మందు కంటె బోధన ఎక్కువ అవసరమని 1898లో ట్యూరిన్ నగరంలో జరిగిన ఉపాధ్యాయ మహాసభలో ప్రకటించారు. 1900లో రోములో వీరి కొరకు ఆర్తోఫ్రెనిక్ పాఠశాల వెలసినది. దానికి ఆమె, డాక్టర్ జుసెప్పె మోంతెసానో సహ సంచాలకులు.

ఆ పాఠశాలలో ఆమె ఉదయం 8 గంటలు మొదలు సాయంత్రం 7 గంటల వరకు పిల్లలతోనే గడిపేవారు. రాత్రి కూర్చుండి ఆనాటి పరిశీలనలను వ్రాసుకొనేవారు. గుండీలు పెట్టుట, తాళ్ళు ముడివేయుట, చెక్క అక్షరాలను వ్రేలితో తడిమి గుర్తించుట, ఇవే పాఠాలు. రెండేండ్లు గడిచేసరికి వారిలో కొందరు చదవను వ్రాయను నేర్చి, మామూలు బడిపిల్లల పరీక్షలో కృతార్థులైనారు. లోకం అద్భుతమన్నది. ఆమె మాత్రం, ఆరోగ్యవంతులైన పిల్లలను మామూలు బడులు ఇంత తక్కువ స్థాయిలో ఎందుకు నిలిపి ఉంచుతున్నాయని విచారించారు.

ఇక్కడ మా ప్రాంతపు మాట కొంత చెప్పక తప్పదు. జగిత్యాల, కోరుట్లలలో తండ్రి గల్ఫుకు పోయి, తల్లి బీడీలు చుట్టే ఇండ్లున్నవి; సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగే పిల్లలున్నారు. అట్టి ఇంట నాలుగేండ్ల బిడ్డ మాటాడకుంటే, పిలిచినా చూడకుంటే, తలకొక సలహా. ఒకరు తావీజు కట్టించమంటారు, ఒకరు హైదరాబాదులో హాస్టలున్న కేంద్రంలో విడిచి రమ్మంటారు. అప్పులు చేసి ఫీజు కట్టేందుకు సిద్ధపడే తల్లిదండ్రులను మేమెరుగుదుము. వారు మొదట అడుగవలసినది ఫీజు సంగతి కాదు. అక్కడ బిడ్డ చేతులు దినమంతా ఏమి చేస్తుంటవి, ఒక్కొక్క పిల్లవానితో మనిషి ఎన్ని గంటలు కూర్చుంటారు, తల్లి ఎప్పుడు వచ్చినా లోపలికి రానిస్తారా, ఇంట చేయవలసినది ఆమెకు నేర్పుతారా అని అడుగవలెను. మండల కేంద్రాలలో భవిత కేంద్రాలున్నవి. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో నెలకొల్పిన జాతీయ సంస్థలో తల్లిదండ్రులకు సైతం శిక్షణ ఇస్తారు. ఇక బిడ్డను మానసిక చికిత్సాలయంలో చేర్పించుట తప్పనిసరి అయితే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పిల్లలను పెద్ద రోగులకు వేరుగా ఉంచవలెను; ఉన్నంతకాలం సంరక్షకుడో, ఆయన నియమించిన మనిషో తోడుండవలెను. గొలుసులతో కట్టుట ఎవరికైనా నిషిద్ధమే. రోములో మరియా చూచిన గది ఈ చట్టం దృష్టిలో నేరం.

బిడ్డను దూరం చేసుకొనుటలోని వేదన ఆమెకు పుస్తకాల వలన తెలిసినది కాదు. 1898లో మోంతెసానో వలన ఆమెకు మేరియో అనే కుమారుడు కలిగాడు. వివాహం జరుగలేదు. ఆనాటి సమాజంలో ఆ సంగతి బయటపడితే ఆమె వృత్తి అంతటితో ముగిసేది. పసివానిని పల్లెలోని ఒక కుటుంబానికి అప్పగించారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూచేవారే గాని, తల్లినని చెప్పుకొనలేదు. పరుల పిల్లలతో పదకొండు గంటలు గడిపిన ఆ రెండేండ్లలో సొంత బిడ్డ వేరొకరి ఒడిలో పెరుగుతున్నాడు. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. మోంతెసానో మరొక స్త్రీని వివాహమాడగా, 1901లో ఆమె ఆ పాఠశాలను విడిచిపెట్టారు.

1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేదవాడలో ఆరంభించిన శిశుగృహం గురించి, తరువాతి విశ్వఖ్యాతి గురించి బి.ఇడి. పుస్తకాలలో కావలసినంత ఉన్నది. 1912లో తల్లి మరణించిన పిమ్మటనే మరియా కుమారుని తన వద్దకు తెచ్చుకొన్నారు. లోకానికి మాత్రం అతడు మేనల్లుడనే చెప్పుకొంటూ వచ్చారు.

1939లో ఆ తల్లీకొడుకులు మదరాసులోని అడయారుకు వచ్చారు. దేశం నలుమూలల నుండి మూడు వందలకు పైగా ఉపాధ్యాయులు తాటాకు పందిళ్ళ క్రింద శిక్షణ పొందారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వం వారిని శత్రుదేశీయులుగా ఎంచి, మేరియోను అహమద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజు కానుకగా వైస్రాయి అతనిని విడుదల చేస్తూ, ఆ వర్తమానంలో అతనిని ఆమె కుమారుడనే పేర్కొన్నాడు. నలుబది రెండేండ్లుగా ఆమె నోట రాని మాట ఆ విధంగా వెల్లడియైనది.

1952 మే 6న హాలండులోని నూర్డ్‌విక్ అనే సముద్రతీర గ్రామంలో ఆమె కన్నుమూశారు. మేరియో చెంతనే ఉన్నాడు.