డాక్టర్ కె.ఎల్. రావు: తరగతి గది నుంచి ఆనకట్ట దాకా

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• డాక్టర్ కె.ఎల్. రావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• నీటి ఒత్తిడిని ఆనకట్ట ఎలా తట్టుకొంటుందో మీ సొంత మాటల్లో వివరించగలుగుతారు.
• శాస్త్రజ్ఞానానికీ, ప్రజల అవసరాలకూ ఉన్న సంబంధాన్ని గుర్తిస్తారు.

1. పరిచయం

ఇల్లు కట్టేటప్పుడు శ్లాబు వేయడం మీరు చూసే ఉంటారు. రెండు గోడల మధ్య వేసే శ్లాబులో మేస్త్రీ ఇనుప చువ్వలను అడుగు వైపున పరుస్తాడు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

బరువు పడినప్పుడు శ్లాబు నడిమి భాగం కొద్దిగా కిందికి వంగుతుంది. అప్పుడు దాని పై భాగం నొక్కుకుపోతుంది. అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకొంటుంది కాని, సాగదీస్తే పగిలిపోతుంది. ఆ సాగుడును ఇనుము భరిస్తుంది. ఇలా ఏ కట్టడం మీద ఎంత బలం పనిచేస్తుంది, దాన్ని ఆ కట్టడం ఎలా తట్టుకొంటుంది అని లెక్క కట్టి చెప్పే శాస్త్రమే అనువర్తిత యాంత్రిక శాస్త్రం.

ఈ శాస్త్రాన్ని చదివి, బోధించి, పరిశోధన చేసి, చివరకు దాన్ని నదీతీరాలకు తీసుకువెళ్లిన తెలుగు ఇంజనీరు కానూరి లక్ష్మణరావు. అందరూ ఆయనను కె.ఎల్. రావు అనే పిలిచేవారు. ఆయన జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. బాల్యం, చదువు

లక్ష్మణరావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. బడిలో చదివే రోజుల్లో ఆడుకొంటూ ఉండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేని పిల్లవాడికి ఇది రెండో దెబ్బ. గీతలు గీయడం, కొలతలు తీయడం ఇంజనీరుకు నిత్యం ఉండే పని. ఒక్క కంటి చూపుతోనే ఆయన ఆ చదువును ఎంచుకొన్నారు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. ఆ విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. తరవాత ఇంగ్లండు వెళ్లి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు.

3. అధ్యాపకుడు, పరిశోధకుడు

ఉద్యోగ జీవితం తొలి దశలో లక్ష్మణరావు అధ్యాపకులు. బర్మాలోని రంగూన్‌లో ఇంజనీరింగు బోధించారు. డాక్టరేటు పొందిన తరవాత బ్రిటన్‌లో సహాయ ఆచార్యులుగా పనిచేశారు. కట్టడాల నిర్మాణం, ఇనుము కలిపిన కాంక్రీటు గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం రాశారు.

ఆయన కోరుకొని ఉంటే విదేశంలోనే ఆచార్యులుగా స్థిరపడగలిగేవారు. కాని స్వదేశానికి తిరిగివచ్చి, మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. గోదావరిపై పోలవరం దగ్గర తలపెట్టిన రామపాదసాగరం పథకానికి పనిచేశారు. ఆ పథకం అప్పట్లో కాగితం దాటి రాలేదు. అయినా అంత పెద్ద నదికి అడ్డుకట్ట వేయాలంటే ఏమేమి లెక్కించాలో తెలుసుకొనే అవకాశం దానివల్ల కలిగింది.

4. ఢిల్లీలో

స్వాతంత్ర్యం వచ్చిన తరవాత దేశానికి ఆహారధాన్యాల కొరత పెద్ద సమస్య అయింది. పంట పండాలంటే నీరు కావాలి. నీరు నిలవాలంటే ఆనకట్టలు కావాలి. పంజాబు ప్రాంతంలో భాక్రా, ఒరిస్సాలో హిరాకుడ్ వంటి నిర్మాణాలు ఆ కాలంలోనే జరిగాయి.

1950లో కె.ఎల్. రావు కొత్త ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరుగా బాధ్యతలు చేపట్టారు. 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో సభ్యులుగా కూడా పనిచేశారు. నది ఎక్కడో ఉంటుంది. దాని మీద కట్టబోయే ఆనకట్ట రూపం మాత్రం ముందుగా కార్యాలయంలో, కాగితం మీద సిద్ధమవుతుంది. ఆ కాగితం మీద తప్పు జరిగితే దాని ఫలితం నది దిగువన ఉన్న ఊళ్లు అనుభవించాలి.

5. నాగార్జునసాగరం

కె.ఎల్. రావు పేరు చెప్పగానే తెలుగువారికి నాగార్జునసాగరం గుర్తుకొస్తుంది. దాని రూపకల్పనలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు.

ఇంత పెద్ద ఆనకట్ట నీటికి ఎదురొడ్డి ఎలా నిలుస్తుంది? ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను బరువు ఉంటుంది. కాబట్టి 10 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 10 టన్నుల ఒత్తిడి ఉంటుంది. 100 మీటర్ల లోతున అది 100 టన్నులవుతుంది. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఇటువంటి ఆనకట్టను పైన సన్నగా, అడుగున వెడల్పుగా కడతారు. నీరు దాన్ని పక్కకు తోస్తుంది. దాని సొంత బరువే దాన్ని కదలకుండా నిలుపుతుంది. పునాది కిందికి చేరిన నీరు ఆనకట్టను పైకి ఎత్తడానికి కూడా చూస్తుంది. ఆ బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాగార్జునసాగరం ప్రధాన ఆనకట్టను రాతితో కట్టారు. ఎత్తు సుమారు 124 మీటర్లు. ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టగా అది పేరుపొందింది. కాంక్రీటు ఆనకట్టకు సిమెంటూ, యంత్రాలూ ఎక్కువ కావాలి. రాతి కట్టడానికి రాళ్లూ, మనుషుల చేతులూ ఎక్కువ కావాలి. ఆ రోజుల్లో మన దేశంలో దొరికేవి రెండోవే. వేలాది మంది స్త్రీపురుషులు రాళ్లు మోసి, పేర్చి ఆ ఆనకట్టను లేపారు. శాస్త్రం బరువు ఎంత ఉండాలో చెబుతుంది. ఆ బరువును దేనితో సమకూర్చుకోవాలో దేశ పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలి.

1967లో కాలువలకు నీరు విడుదలైంది. బీడు భూములు మాగాణులయ్యాయి. అయితే దీనికి మూల్యం కూడా ఉంది. జలాశయం కింద ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ప్రాచీన బౌద్ధక్షేత్రమైన నాగార్జునకొండ లోయ మునిగిపోయింది. అక్కడ తవ్వకాల్లో దొరికిన శిల్పాలను జలాశయం మధ్య మిగిలిన కొండపై భద్రపరిచారు.

6. మంత్రిగా

1962లో కె.ఎల్. రావు విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967, 1971 ఎన్నికల్లోనూ అక్కడినుంచే గెలిచారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. అదే ఏడాది కేంద్ర మంత్రివర్గంలో చేరి, దాదాపు పదేళ్లపాటు నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాలు చూశారు.

ఉత్తరాదిన వరదలు, దక్షిణాదిన కరవు ఆయనను కలవరపెట్టాయి. 1972లో గంగా, కావేరీ నదులను కలిపే పథకాన్ని ప్రతిపాదించారు. పాట్నా సమీపం నుంచి దాదాపు 2,640 కిలోమీటర్ల పొడవున, 60,000 క్యూసెక్కుల నీటిని మళ్లించాలన్నది ఆలోచన. సెకనుకు ఒక ఘనపు అడుగు నీటి ప్రవాహం ఒక క్యూసెక్కు. అంటే సుమారు 28 లీటర్లు. ఆయన ఆత్మకథ పేరులో కూడా ఈ క్యూసెక్కు అనే మాట ఉంది.

అయితే ఆ నీటిలో అధిక భాగాన్ని పంపులతో సుమారు 550 మీటర్ల ఎత్తుకు ఎత్తాలి. ఎత్తు పెరిగినకొద్దీ ఖర్చయ్యే శక్తి కూడా పెరుగుతుంది. ఆయన జీవితమంతా చదివిన శాస్త్రం చెప్పే సత్యమే ఇది. అంత విద్యుత్తూ, అంత ధనమూ సమకూర్చడం కష్టమని నిపుణులు తేల్చారు. పథకం అమలుకు రాలేదు. నదుల అనుసంధానం గురించిన చర్చ మాత్రం ఆగలేదు. దానిపై అధ్యయనాల కోసం 1982లో ప్రభుత్వం జాతీయ జల అభివృద్ధి సంస్థను నెలకొల్పింది.

కె.ఎల్. రావు 1986లో మరణించారు. కృష్ణానదిపై కట్టిన పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

7. మీరు నేర్చుకొన్నది

తరగతి గదిలో నల్లబల్ల మీద రాసిన సూత్రమే నదిలో ఆనకట్టకు ఆధారమవుతుంది. కె.ఎల్. రావు సూత్రాన్ని బోధించడంతో ఆగలేదు, దాన్ని పనిలో పెట్టారు. ఆయన లెక్కల్లో కొన్ని ఆనకట్టలై నిలిచాయి. కొన్ని కాగితం మీదే మిగిలాయి. రెండూ మనకు పాఠాలే.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. శ్లాబులో ఇనుప చువ్వలను అడుగు వైపున ఎందుకు పరుస్తారు?
2. ఆనకట్టను అడుగున వెడల్పుగా ఎందుకు కడతారు?
3. నాగార్జునసాగరానికి రాతి కట్టడం ఎందుకు అనువుగా ఉంది?
4. గంగా, కావేరీ పథకం అమలుకు రాకపోవడానికి కారణం ఏమిటి?
5. మీ ప్రాంతంలోని చెరువునుగాని, ఆనకట్టనుగాని చూసిరండి. దానివల్ల లాభపడినవారెవరు, నష్టపోయినవారెవరు? పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.