భూగర్భాగ్నిని గుర్తించిన జేమ్స్ హట్టన్

కొండలను అందరూ చూస్తారు. అవి ఎలా ఏర్పడ్డాయని ప్రశ్నించి, సమాధానం కోసం జీవితాన్ని వెచ్చించేవారు అరుదు. అటువంటి జిజ్ఞాసువులలో అగ్రగణ్యుడు స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ హట్టన్. ఆధునిక భూవిజ్ఞాన శాస్త్రానికి పితామహుడిగా లోకం ఆయనను గౌరవిస్తోంది.

హట్టన్ 1726 జూన్ 3వ తేదీన ఎడింబరో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి తల్లి పెంపకంలో పెరిగాడు. కొంతకాలం న్యాయవాది వద్ద పని నేర్చుకున్నా, రసాయనశాస్త్రంపై గల మక్కువ ఆయనను అక్కడ నిలువనీయలేదు. 1749లో హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందినా ఆ వృత్తిని చేపట్టలేదు. తండ్రి నుండి సంక్రమించిన పొలంలో వ్యవసాయం ఆరంభించాడు. వాననీరు మట్టిని కోసుకొనిపోవడం అక్కడ నిత్యం గమనించాడు. నేల ఇలా నిరంతరం క్షయిస్తూ పోతే భూభాగమంతా ఏనాడో సముద్రంలో కలిసిపోయి ఉండాలి. మరి కొత్త నేలను సృష్టించే శక్తి ఏది? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది.

ఆ కాలంలో జర్మనీకి చెందిన వెర్నర్ పండితుని వాదం యూరప్ అంతటా ప్రబలింది. గ్రానైటు, బసాల్టు మొదలైన శిలలన్నీ ఆదిమ సముద్రజలం నుండి పేరుకొన్నవేనని ఆయన సిద్ధాంతం. హట్టన్ దీనిని అంగీకరించలేదు. భూగర్భంలోని ఉష్ణమే శిలలను కరిగించి పైకి నెడుతుందని, అగ్నిపర్వతం ఆ వేడి బయటకు వెలువడే ద్వారమని భావించాడు. 1785లో తన సిద్ధాంతాన్ని ఎడింబరో రాయల్ సొసైటీ ముందు ఉంచాడు.

సిద్ధాంతానికి సాక్ష్యం కావాలి. అదే సంవత్సరం, దాదాపు అరవై ఏళ్ల వయసులో, హట్టన్ గ్లెన్ టిల్ట్ అనే కొండలోయకు ప్రయాణమయ్యాడు. అక్కడ ఏటిగర్భంలోని నల్లని శిలలను చీల్చుకొని ఎర్రని గ్రానైటు చారలు చొచ్చుకొనిపోయి ఉన్నాయి. ఘనశిల మరొక ఘనశిలలోకి అలా చొరబడజాలదు. కనుక గ్రానైటు ఒకనాడు ద్రవరూపంలో ఉండేదని, తన చుట్టూ ఉన్న శిలల కన్నా తరువాత పుట్టినదని తేలింది. ఆయన ఆనందానికి అవధులు లేవు.

ఆనాటి ఊహకు నేటి శాస్త్రం స్పష్టత చేకూర్చింది. భూమి లోపలి పొర చాలావరకు ఘనరూపంలోనే ఉంటుంది. పీడనం తగ్గినచోట లేదా నీరు చేరినచోట అది కొంత కరిగి శిలాద్రవం అవుతుంది. చుట్టూ ఉన్న శిలల కంటే తేలికైనందువల్ల శిలాద్రవం పైకి లేస్తుంది. పైకి వచ్చేకొద్దీ అందులో కరిగి ఉన్న వాయువులు బుడగలుగా విడివడి విస్ఫోటానికి కారణమవుతాయి. లోతున మెల్లగా చల్లారిన ద్రవం పెద్ద స్ఫటికాలు గల గ్రానైటుగాను, ఉపరితలంపై త్వరగా చల్లారిన లావా సన్నని రేణువుల బసాల్టుగాను గట్టిపడతాయి. ఇవే అగ్నిశిలలు. హైదరాబాదు పరిసరాలలోని గ్రానైటు గుట్టలు, దక్కను పీఠభూమిపై పరచుకొన్న బసాల్టు పొరలు వీటికి నిదర్శనాలు.

హట్టన్‌కు ప్రశంసల కన్నా విమర్శలే ఎక్కువగా ఎదురయ్యాయి. 1793లో ఆయన తీవ్ర అనారోగ్యంతో మంచం పట్టాడు. ఆ సమయంలోనే ఐర్లండు పండితుడు కిర్వాన్ ఆయన సిద్ధాంతాన్ని దైవదూషణగా ఖండించాడు. హట్టన్ కుంగిపోలేదు. రోగశయ్యపై నుండే గ్రంథరచనకు పూనుకొని 1795లో రెండు సంపుటాలను వెలువరించాడు. 1797 మార్చి 26న తుదిశ్వాస విడిచాడు.

కరిగిన రాయి చల్లారితే గాజు అవుతుందే గాని తిరిగి రాయి కాజాలదని ప్రత్యర్థులు ఆక్షేపించేవారు. మిత్రుడైన జేమ్స్ హాల్ బసాల్టు జాతి రాళ్లను కొలిమిలో కరిగించి చూశాడు. త్వరగా చల్లార్చినప్పుడు గాజు, మెల్లగా చల్లార్చినప్పుడు స్ఫటికశిల ఏర్పడ్డాయి. ఇటువంటి ప్రయోగాలపై హట్టన్‌కు నమ్మకం లేనందున, ఆయనపై గల గౌరవంతో హాల్ తన ఫలితాలను ఆయన మరణానంతరమే ప్రకటించాడు. 1802లో మరొక మిత్రుడు ప్లేఫెయిర్ హట్టన్ సిద్ధాంతాన్ని సులభశైలిలో వివరించి లోకానికి చేరువ చేశాడు.

హట్టన్ చెప్పినవన్నీ నిలువలేదు. సముద్రగర్భపు అవక్షేపాలు గట్టిపడడానికి కూడా అగ్నియే కారణమన్న ఆయన భావనను తరువాతి శాస్త్రజ్ఞులు సవరించారు. అయినా, అధికుల మాట కన్నా రాతి సాక్ష్యమే గొప్పదని నమ్మి, వార్ధక్యాన్ని లెక్కచేయక సత్యాన్వేషణకు బయలుదేరిన హట్టన్ జీవితం విద్యార్థిలోకానికి ఆదర్శప్రాయం.