షావుకారు పద్దు విప్పి చూసిన హైమన్‌డార్ఫ్

షావుకారు పద్దు అంటే ఏమిటో మణుగూరు గూడేల్లోని పెద్దవాళ్లకు మేం చెప్పనక్కరలేదు. ఇక్కడినుంచి గోదావరి వెంట భద్రాచలం, కూనవరం దాటి పోతే పాపికొండలు వస్తాయి. 1941లో అక్కడి కొండరెడ్ల మధ్య మకాం వేసి, ఆ పద్దు లోగుట్టు తెలుసుకున్నవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో పుట్టాడు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఇండియాలో ఉన్నాడు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడని బ్రిటిషు సర్కారు ఆయన్ని హైదరాబాదు సంస్థానం దాటనివ్వలేదు. ఆయనా, భార్య బెట్టీ ఇదే అదనుగా అడవిబాట పట్టారు. చెంచులు, కొండరెడ్లు, గోండుల గూడేల్లో బతికారు.

కొండరెడ్లది పోడు బతుకు. వెదురు, కలప వ్యాపారులు గింజలు, బట్టలు ముందుగా అప్పిచ్చి చాకిరీ చేయించుకునేవారు. గింజలకు ధర కట్టేదీ వ్యాపారే, కూలి రేటు కట్టేదీ వ్యాపారే. పద్దు రాసేదీ అతనే, చదివేదీ అతనే. ఎన్ని వెదుళ్లు కొట్టినా లెక్క తెగదు. ఇది గిరిజనుడి దుబారా కాదు, దోపిడీ ఏర్పాటు అని హైమన్‌డార్ఫ్ గ్రహించాడు. దళారీలను తప్పించాలి, సహకార సంఘాలు పెట్టాలి, భూమికి పట్టాలివ్వాలి, చదువు చెప్పాలి అని నిజాం సర్కారుకు నివేదించాడు. ఆ నివేదికలు 1945లో అచ్చయ్యాయి. గోండు ఉపాధ్యాయుల శిక్షణకు 1943లోనే మార్లవాయిలో కేంద్రం పెట్టించాడు.

ఒకటి మాత్రం మరవరాదు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నెత్తురు ధారపోయకుంటే, నిజాం ఈయన మాట చెవిన పెట్టేవాడా? దొరల సర్కారుకు సలహాదారుగా ఆయన చేయగలిగింది కొంతే. 1970లలో తిరిగొచ్చి చూస్తే గోండుల భూములు మళ్లీ పరాధీనమై ఉన్నాయి. ఆ సంగతి 1982లో పుస్తకంగా రాశాడు. బెట్టీ 1987లో, ఆయన 1995లో పోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి.

చట్టాలు లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపుచేసే రెగ్యులేషన్ 1960లో వచ్చింది. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం వెట్టి అప్పును కొట్టేసింది. ఇది వెట్టి అప్పు అని కూలీ చెబితే, కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. ఈ సంగతి గూడెం గూడెంలో చెప్పాలి. ఏ పద్దు మీదా చదివించుకోకుండా వేలిముద్ర వేయవద్దు. మన లెక్క మన సంఘంలో మనమే రాసిపెట్టుకోవాలి.