నిప్పురవ్వ అడగని ఇంజన్

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఒక అణుబాంబు పేలిందనుకోండి. కింద ఉన్న మనకి వేడి తగలదు, గాలిదెబ్బా తగలదు. కానీ ఆ పేలుడు నుంచి పుట్టే విద్యుదయస్కాంత తరంగం, అంటే ఈఎంపీ, రెప్పపాటు కంటే ముందే కిందికి చేరి పొడవాటి తీగల్లోనూ సర్క్యూట్లలోనూ అక్కర్లేని వోల్టేజీ పుట్టిస్తుంది. 1962 జూలైలో అమెరికా పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తులో స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే పరీక్ష చేసింది. అక్కడికి సుమారు 1,450 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయిలో వీధిదీపాలు కొన్ని ఆరిపోయాయి.

అలాంటి రోజున ఏ బండి నడుస్తుంది? ఈ ప్రశ్న వేస్తే మెకానికల్ బ్రాంచ్ వాళ్ళు ఠక్కున చెప్పే జవాబు, పాత డీజిల్ బండి. డీజిల్ అంటే బంకులో పోయించుకునే నూనె పేరే అనుకుంటాం గానీ, అది ముందు ఒక మనిషి ఇంటిపేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు సామాన్లు చేసేవాడు. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం రావడంతో ఆ కుటుంబం పారిస్ వదిలి లండన్ చేరింది. అక్కడ పూట గడవడం కష్టమై, పన్నెండేళ్ళ పిల్లాణ్ణి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కి, లెక్కలు చెప్పే బంధువు ఇంటికి పంపించేశారు. ఆ ఊళ్ళోనే అతనికి యంత్రాల పిచ్చి పట్టుకుంది.

తర్వాత మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. చివరి పరీక్షల టైమ్‌కి టైఫాయిడ్ వచ్చింది. పరీక్ష తప్పిపోయి, మళ్ళీ అవకాశం వచ్చేదాకా స్విట్జర్లాండ్‌లో ఒక ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1880లో రాసి గొప్ప మార్కులతో పాసయ్యాడు. రిఫ్రిజిరేటర్ల శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ లిండే అక్కడే ఆయన గురువు. ఆవిరి ఇంజన్ బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చలేదని లిండే క్లాసులో విన్న మాట రుడాల్ఫ్‌ని వదల్లేదు. లిండే దగ్గర ఐస్ ఫ్యాక్టరీల ఉద్యోగం చేస్తూనే పదేళ్ళకు పైగా అదే ఆలోచించాడు.

ఆయన బాధ వేడి వృథా ఒక్కటే కాదు. ఆవిరి ఇంజన్ కొనాలంటే పెద్ద షావుకారు అయ్యుండాలి. వడ్రంగికీ, నేతగాడికీ, చిన్న వర్క్‌షాపు వాడికీ సొంతంగా ఒక చవక ఇంజన్ ఉంటే పెద్ద మిల్లుల కింద నలిగిపోరని ఆయన నమ్మాడు.

ఆయన పట్టుకున్న సూత్రం మనందరికీ తెలిసిందే. సైకిల్‌కి గాలి కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని అంతకంటే చాలా గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోల్ ఇంజన్‌కి కావలసిన స్పార్క్ ప్లగ్, కాయిల్ ఇక్కడ అవసరమే లేదు.

1893లో పేటెంట్ వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో తొలి పరీక్ష చేస్తే ఇంధనమైతే అంటుకుంది గానీ, ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంజన్ సుమారు ఒక నిమిషం సొంతంగా తిరిగింది. ఆ ఒక్క నిమిషం నుంచి అమ్మదగ్గ యంత్రం రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ అధికారికంగా కొలిస్తే సామర్థ్యం 26.2 శాతం తేలింది. అప్పటి ఇంజన్లలో ఇంతటిది లేదు.

డబ్బు వచ్చిపడింది. అమెరికా హక్కులు ఒక్కటే పది లక్షల మార్కులకి అమ్ముడుపోయాయి. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టాడు. కానీ పేటెంటు గొడవలు, కొన్నవాళ్ళ దగ్గర ఇంజన్లు మొరాయించడం, అచ్చిరాని పెట్టుబడులు, వీటన్నిటితో ఆరోగ్యమూ ఆస్తీ రెండూ కరిగాయి. వడ్రంగి కోసం తలపెట్టిన ఇంజన్ మూడు మీటర్ల ఇనప స్తంభంలా తయారై ఫ్యాక్టరీలకీ ఓడలకీ జలాంతర్గాములకీ వెళ్ళింది. ఇంధనం చిమ్మడానికి పెద్ద ఎయిర్ కంప్రెసర్ కావలసి రావడంతో కారులో పట్టలేదు. 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపు తెచ్చింది. 1936లో మెర్సిడెస్ 260 డి కారు వచ్చింది. అవి చూడ్డానికి ఆయన లేడు.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆయన ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కి ఇంగ్లండ్ బయల్దేరాడు. భోంచేసి, పొద్దున్నే లేపమని చెప్పి కేబిన్‌కి వెళ్ళాడు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు. డెక్ మీద టోపీ, కోటు మాత్రం ఉన్నాయి. కొన్నాళ్ళకి ఒక డచ్ పడవవాళ్ళు సముద్రంలో దొరికిన శవం జేబుల్లోని వస్తువులు తెచ్చిస్తే, అవి తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్నది నేటికీ తేలలేదు. అప్పులు ఉన్నాయని మాత్రం తేలింది.

ఇప్పుడు మన బండి సంగతి. బానెట్ మీద డీజిల్ అని రాసుంటే సరిపోదు. ఇవాళ్టి కామన్ రైల్ డీజిల్‌లో ప్రతి చుక్కా కంప్యూటర్ చెబితేనే పడుతుంది. మనకి కావలసింది ఇంజన్ తిప్పితే తిరిగే మెకానికల్ పంపు ఉన్నది. అందులో కూడా కొన్నిటికి ఇంధనం ఆపే సోలెనాయిడ్ ఉంటుంది. దానికి కరెంటు అందకపోతే ఇంజన్ ఆగుతుంది. చేత్తో ఆపే లివర్ ఉన్న బండి ఇంకా మేలు. గ్లో ప్లగ్‌లు ఉత్త హీటర్లే, వాటికి భయం లేదు. ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోయినా బ్యాటరీ ఛార్జ్ కాదంతే, తిరిగే ఇంజన్ ఆగదు. స్టార్టర్ పలక్కపోతే పల్లంలో తోసి గేరు వెయ్యొచ్చు.

అలాగని మిగతా బండ్లన్నీ చచ్చిపోతాయనీ అనుకోవద్దు. అమెరికా ఈఎంపీ కమిషన్ 2008 నివేదిక ప్రకారం పరీక్షించిన 37 కార్లలో నడుస్తుండగా ఆగినవి మూడే. అవీ మళ్ళీ స్టార్ట్ అయ్యాయి. అసలు ఇబ్బంది బంకులో. కరెంటు లేకపోతే అక్కడి పంపు పనిచేయదు, ట్యాంకు నిండదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపారు. మొక్కల నూనెలకి ముందుముందు మంచి రోజులొస్తాయని రుడాల్ఫ్ చివరిదాకా నమ్మాడు.

చిన్నవాడి చేతికి సొంత ఇంజన్ అన్న ఆయన కోరిక ఆయన బతికుండగా తీరలేదు. తర్వాత తీరింది. మన ఊళ్ళ పొలాల గట్టు మీద హ్యాండిల్‌తో తిప్పి స్టార్ట్ చేసే ఆయిల్ ఇంజన్ ఆయన వంశమే. దానికి బ్యాటరీ లేదు, సెన్సార్ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజు కూడా అది బావిలో నీళ్ళు తోడి రైతు మడి తడుపుతుంది.