మంగో పార్కు

ఆఫ్రికా ఖండపు పడమటి భాగమున నైజరు అను మహానది కలదు. పదునెనిమిదవ శతాబ్దాంతము వఱకు ఆ నది తూర్పునకు పాఱునో, పడమటికి పాఱునో ఐరోపావారికి నిశ్చయముగా తెలియదు. ఆ సంశయమును స్వయముగా పోయి తీర్చిన సాహసికుడు మంగో పార్కు.

అతడు 1771 వ సంవత్సరమున స్కాట్లండు దేశమున, సెల్కర్కు పట్టణమునకు చేరువ, ఒక కౌలురైతు ఇంట జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి, ఓడవైద్యుడై సుమత్రా దీవికి పోయివచ్చెను. ఆ కాలమున లండనులోని ఆఫ్రికా సంఘమువారు నైజరు నదిని చూచి రాగల వానికై వెదకుచుండిరి. అంతకుముందు వారు పంపిన హౌటన్ అను నతడు తిరిగి రాలేదు. ఆ సంగతి యెఱిగియు పార్కు ఆ పనికి పూనుకొనెను. అప్పటికి అతనికి ఇరువది మూడేండ్లు.

1795 జూన్ నెలలో అతడు గాంబియా తీరమున దిగి, పిసానియా అను చోట లెయిడ్లీ అను ఆంగ్లేయుని ఇంట బసచేసి, మాండింగో భాషను నేర్చుకొనసాగెను. జూలై నెలాఖరున నొక రాత్రి చంద్రగ్రహణమును చూచుచు ఆరుబయట గడపెను. మఱునాడే జ్వరము తగిలి, ఒడలు తెలియక పలవరించెను. రాత్రి మంచు సోకుటచే ఆ జ్వరము వచ్చినదని అతడు తలచెను. అది మలేరియా యై యుండునని నేటివారి అభిప్రాయము. రొనాల్డు రాసు అను వైద్యుడు మన సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్నది 1897 లో. అప్పటికింకను నూఱేండ్లకు పైగా గడువవలసియుండెను.

దేహము కుదుటపడిన పిదప, డిసెంబరు 2 వ తేదీన, ఒక గుఱ్ఱముతో, రెండు గాడిదలతో, ఇద్దఱు సహచరులతో పార్కు బయలుదేరెను. లుదామారు రాజ్యమున అలీ అను ప్రభువు అతనిని బంధించి సుమారు నాలుగు నెలలు చెఱలో నుంచెను. సహచరులలో నొకనిని బానిసగా పట్టుకొనిరి. రెండవవాడు ముందుకు రానొల్లక మరలిపోయెను. పార్కు ఒకనాడు వేకువజామున తప్పించుకొని ఒంటరిగా సాగెను. 1796 జూలై నెలలో సెగూ పట్టణము కడ నైజరు నది అతని కంటబడెను. అది తూర్పునకు ప్రవహించుచుండెను. అతడు ఒడ్డునకు పరుగిడి, ఆ నీరు త్రాగి, దైవమునకు నమస్కరించెను.

సెగూ రాజు అతనిని నగరమున ప్రవేశింపనీయలేదు. చేరువ పల్లెవారు భయపడి ఆశ్రయమీయలేదు. పగలెల్ల ఆకలితో చెట్టుక్రింద కూర్చున్న అతనిని, పొలమునుండి మరలుచున్న ఒక స్త్రీ చూచి, తన గుడిసెకు కొనిపోయి, చేపను కాల్చి పెట్టి, చాప పఱచెను. ఆ రాత్రి ఆ యింటి స్త్రీలు నూలు వడకుచు, ఈ దిక్కులేని బాటసారిని గూర్చి జాలిపాట కట్టి పాడుకొనిరి. ఉదయమున పార్కు తన దుస్తులకు మిగిలిన నాలుగు ఇత్తడి బొత్తములలో రెండింటిని ఆమెకు కానుకగా నిచ్చెను.

అంతలో వానలు ముదిరెను, జ్వరము తిరుగబెట్టెను. సిల్లా వఱకు పోయి, ఇక సాగలేక అతడు వెనుకకు మరలెను. దారిలో దొంగలు అతనిని నిలువున దోచి, పాత చొక్కాను, లాగును, టోపీని మాత్రము విడిచిరి. అదృష్టవశమున అతడు వ్రాసికొన్న కాగితములు ఆ టోపీలోనే యుండెను. నిరాశతో కూలబడిన అతని చూపు నేలపైనున్న ఒక చిన్న నాచుమొక్కపై బడెను. ఇంత యల్పమైన మొక్కను ఈ యరణ్యమున పోషించు దైవము తన్ను విడువడని తలచి, ధైర్యము తెచ్చుకొని లేచెను.

సెప్టెంబరు 16 వ తేదీన అతడు కమాలియా గ్రామము చేరెను. జ్వరముచే మేను పసుపువన్నె యయ్యెను, గుడ్డలు చినిగియుండెను. అతడు ఐరోపావాడని చెప్పుకొన్నను పలువురు నమ్మలేదు. ఆ యూరి కార్ఫా తౌరా అను వర్తకుడు మాత్రము ఒక ఆంగ్లగ్రంథమును తెచ్చి చూపి, పార్కు దానిని చదువగా సంతోషించెను. నదులు పొంగియున్నందున ముందు దారి లేదనియు, వానకాలము గడచువఱకు తన యింట నుండుమనియు, పిదప తానే గాంబియాకు తోడు వత్తుననియు చెప్పెను. ఉండుటకు గుడిసె, పరుండుటకు చాప, నీటికి కుండ, రెండుపూటల భోజనము ఏర్పఱచెను. పార్కు వైద్యుడే, కాని చేత మందు లేదు. ఐదు వారములు జ్వరము విడువలేదు. తుదకు వానలు వెలిసి నేల ఆఱినప్పుడు జ్వరమును తగ్గెను. అప్పుడతడు కష్టముతో చాపను మోసికొని చింతచెట్టు నీడకు పోయి, పైరుగాలి పీల్చుచు ప్రొద్దుపుచ్చెడివాడు. ఆ ఆతిథ్యము ఏడు నెలలు సాగెను.

కార్ఫా చేయునది బానిసల వర్తకము. 1797 ఏప్రిలులో అతడు బానిసలను నడిపించుకొని బయలుదేరగా పార్కు వెంట నడచెను. సంకెళ్లలో నున్న ఆ దీనులు సైతము తమ బాధను మఱచి, పార్కునకు నీరు తెచ్చి యిచ్చిరి. రాత్రులందు ఆకులు ఏరి పడక యమర్చిరి. వారి దురవస్థకు అతడు మిక్కిలి నొచ్చుకొనెను. కాని వారిని విడిపించుట అతని వశము కాలేదు. జూన్ నెలలో పిసానియా చేరిన పిమ్మట, కార్ఫాకు మాట యిచ్చిన ధనమును రెట్టింపుగా చెల్లింపజేసెను. ఆ డిసెంబరులో ఇంగ్లండు చేరి, 1799 లో తన యాత్రను గ్రంథముగా ప్రకటించెను.

1805 లో ప్రభుత్వము అతనిని మరల పంపెను. ఈసారి నలువదిమందికి పైగా ఐరోపావారు, తుపాకులు, సరకులు వెంట నుండెను. కాని వానకాలము ముంచుకొని వచ్చుచున్నను పార్కు ఆగలేదు. నాడు కార్ఫా చెప్పిన హితమును నేడు చెప్పువారు లేకపోయిరి. జ్వరము, రక్తగ్రహణి వారిని దారిపొడుగునను బలిగొనెను. నైజరు చేరునప్పటికి పదునొకండుగురే బ్రదికియుండిరి. నదిపై పడవలో సాగిన పార్కు 1806 లో బూసా కడ తీరవాసుల దాడికి లోనై నీట మునిగి మరణించెను. అప్పటికి ముప్పదియైదేండ్లైన నిండలేదు.

వట్టిచేతులతో పోయి రోగియైన నాడు పరుల దయ అతనిని బ్రదికించెను. ఆయుధములతో పోయిన నాడు ఆ యాయుధములు జ్వరము నాపలేకపోయెను. నైజరు నదితో పార్కు పేరు ఎంతకాలము నిలుచునో, పరదేశికి చాపయు నీటికుండయు నిచ్చి కాపాడిన కార్ఫా పేరును అంతకాలము నిలుచును.