క్లెమెన్స్ వాన్ మెటర్నిక్

క్లెమెన్స్ వెంజెల్ లోథర్ వాన్ మెటర్నిక్ (1773, మే 15 - 1859, జూన్ 11) ఆస్ట్రియా సామ్రాజ్యానికి చెందిన రాజనీతిజ్ఞుడు, దౌత్యవేత్త. ఇతడు 1809 నుండి 1848 వరకు విదేశాంగ మంత్రిగాను, 1821 నుండి అదనంగా ఛాన్సలర్‌గాను పనిచేశాడు. నెపోలియన్ పతనానంతరం ఐరోపా సరిహద్దులను నిర్ణయించిన వియన్నా కాంగ్రెస్ (1814-15)లో ప్రధాన పాత్ర వహించాడు. జాతీయవాద, ఉదారవాద ఉద్యమాలను అణచివేసిన వ్యక్తిగా చరిత్ర విద్యార్థులకు ఇతడు సుపరిచితుడు. రైన్ నదీతీరంలోని యోహానిస్‌బెర్గ్ ద్రాక్షతోటకు 1816 నుండి మరణించేవరకు ఇతడే యజమాని. ఇతడు నిలబెట్టిన రాజకీయ వ్యవస్థ 1848లో కూలిపోయింది. ఆ తోటలో ఇతని కాలంలో స్థిరపడిన కొన్ని పద్ధతులు మాత్రం నేటికీ కొనసాగుతున్నాయి.

బాల్యం, విద్య

మెటర్నిక్ రైన్, మోసెల్ నదుల సంగమస్థానమైన కోబ్లెంజ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంజ్ జార్జ్ దౌత్యవేత్త. తల్లి బియాట్రిక్స్. ఈ కుటుంబానికి మోసెల్ ప్రాంతంలో వంశపారంపర్యంగా వచ్చిన భూములుండేవి. మెటర్నిక్ 1788లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరమే ఫ్రెంచి విప్లవం మొదలై, ఆ నగరంలోనూ అల్లర్లు చెలరేగాయి. 1790లో మైంజ్‌కు మారి చదువు కొనసాగించాడు. 1794లో ఫ్రెంచి సైన్యాలు రైన్ ఎడమ ఒడ్డును ఆక్రమించడంతో కుటుంబం అక్కడి ఆస్తులను కోల్పోయి వియన్నా చేరుకొంది. విప్లవాల పట్ల ఇతనికి జీవితాంతం ఉన్న వ్యతిరేకతకు ఈ అనుభవం ఒక ముఖ్య కారణం.

దౌత్య జీవితం

1795లో మెటర్నిక్ ఆస్ట్రియా మాజీ ఛాన్సలర్ కౌనిట్జ్ మనుమరాలైన ఎలియొనోరాను వివాహమాడాడు. ఈ సంబంధం వల్ల రాజాస్థానంలో ఇతనికి ప్రవేశం సులభమైంది. 1801లో డ్రెస్డెన్‌కు, 1803లో బెర్లిన్‌కు, 1806లో పారిస్‌కు ఆస్ట్రియా దౌత్య ప్రతినిధిగా నియమితుడయ్యాడు. 1809లో నెపోలియన్ చేతిలో ఆస్ట్రియా ఓడిపోయిన తరువాత విదేశాంగ మంత్రి అయ్యాడు. దేశం కోలుకోవడానికి వ్యవధి కావాలని తలచి, 1810లో చక్రవర్తి ఫ్రాన్సిస్ కుమార్తె మేరీ లూయీకి నెపోలియన్‌తో వివాహం జరిగేలా కృషి చేశాడు. 1813లో మాత్రం ఆస్ట్రియాను నెపోలియన్ వ్యతిరేక కూటమిలో చేర్చాడు. ఆ సంవత్సరం అక్టోబరులో లైప్‌జిగ్ యుద్ధంలో కూటమి గెలిచిన తరువాత ఇతనికి ప్రిన్స్ బిరుదు లభించింది.

యోహానిస్‌బెర్గ్ పూర్వచరిత్ర

యోహానిస్‌బెర్గ్ జర్మనీలోని రైన్‌గౌ ప్రాంతంలో, రైన్ నది కుడి ఒడ్డున, గైజన్‌హైమ్ పట్టణానికి సమీపంలో ఉన్న కొండ. సుమారు 1100లో బెనెడిక్టైన్ సన్యాసులు ఇక్కడ మఠాన్ని స్థాపించారు. బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట చర్చి వెలియడంతో కొండకు ఈ పేరు వచ్చింది. 1716లో ఫుల్డా మఠాధిపతి కాన్‌స్టాంటిన్ వాన్ బుట్లర్ ఈ ఆస్తిని కొని, 1720 ప్రాంతంలో రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష తీగలను పెద్ద ఎత్తున నాటించాడు. ఒకే రకం ద్రాక్షతో ఇంత పెద్ద తోట వేయడం ఆ కాలంలో అరుదు.

ఈ తోట మీదుగా 50 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖ పోతుంది. పోల్చి చూస్తే విశాఖపట్నం 18 డిగ్రీలకు కొంచెం దిగువన ఉంది. దక్షిణ భారతదేశంలో ద్రాక్షతీగకు చలికాలపు విశ్రాంతి ఉండదు కనుక ఏటా రెండుసార్లు కత్తిరించి ఒక పంట తీస్తారు. రైన్‌గౌలో తీగ చలికాలమంతా నిద్రావస్థలో ఉంటుంది. కాయ పండడానికి శరదృతువు చివరి వరకు ఆగాలి. అందువల్ల దక్షిణానికి వాలి ఎండ బాగా తగిలే ఈ కొండచరియ విలువైనది. కోత ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అక్కడ అతి ముఖ్యమైన నిర్ణయం.

ఆ నిర్ణయానికి సంబంధించి 1775 నాటి ఒక కథ ఎస్టేటులో ప్రచారంలో ఉంది. కోతకు అనుమతి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఫుల్డా నుండి రావాలి. ఆ ఏడు అనుమతి పత్రం తెచ్చే రౌతు చాలా ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా ద్రాక్షకు బూజు పట్టింది. పారవేయలేక ఆ కాయలతోనే వైన్ చేయగా అది అంతకుముందు ఎరుగని రుచితో తయారైంది. ఈ బూజు కాయతొక్కను పలుచబరచి నీటిని ఆవిరి చేయడం వల్ల రసంలో చక్కెర చిక్కబడుతుంది. ఆలస్యపు కోత అనే అర్థంలో ష్పేట్‌లేజె అన్న పేరు అలా స్థిరపడింది. ఆ రౌతు విగ్రహం ఎస్టేటు ఆవరణలో ఉంది.

ఎస్టేటు మెటర్నిక్ చేతికి వచ్చుట

19వ శతాబ్ది ఆరంభంలో మఠాల ఆస్తులు ప్రభుత్వపరం అయినప్పుడు యోహానిస్‌బెర్గ్ ఆరెంజ్-నసావు రాజవంశానికి దక్కింది. తరువాత నెపోలియన్ దానిని స్వాధీనం చేసుకొని తన సేనాని మార్షల్ కెల్లర్‌మాన్‌కు ఇచ్చాడు. వియన్నా కాంగ్రెస్ దీనిని ఆస్ట్రియా చక్రవర్తికి కేటాయించింది. 1816లో చక్రవర్తి ఫ్రాన్సిస్ మెటర్నిక్ సేవలకు గుర్తింపుగా ఈ ఎస్టేటును అతనికి బహూకరించాడు. ఏటా వచ్చే ఫలసాయంలో పదవ వంతు హాబ్స్‌బర్గ్ రాజవంశానికి చెల్లించాలన్నది ఇందుకు షరతు. మన ప్రాంతంలో రాజులు ఇచ్చిన జాగీర్లను ఈ ఏర్పాటు కొంతవరకు పోలి ఉంది. రైన్ ఎడమ ఒడ్డు నుండి వెళ్ళగొట్టబడిన కుటుంబం ఇరవైరెండేళ్ళ తరువాత అదే నది కుడి ఒడ్డున నిలదొక్కుకొంది. 1820లలో మెటర్నిక్ ఇక్కడి భవనాన్ని వాస్తుశిల్పి జార్జ్ మోలర్ చేత నూతన శైలిలో తిరిగి నిర్మింపజేశాడు.

లేబుళ్ళు, లక్క ముద్రలు

ఆ రోజుల్లో వైన్ ఎక్కువగా పీపాలలోనే వర్తకుల చేతికి పోయేది. అందులో మరొక సరుకు కలిపినా, వేరొక సరుకును ఈ తోట పేరుతో అమ్మినా కొనేవారికి తెలిసే వీలు తక్కువ. మెటర్నిక్ కాలంలో వైన్‌ను ఎస్టేటులోనే సీసాలలో నింపి లేబుల్ అంటించే పద్ధతి స్థిరపడింది. 1830 నుండి ప్రతి లేబుల్ పైన నేలమాళిగ అధికారి సంతకం ఉండాలని నిర్ణయించారు. సరుకు అసలైనదన్న హామీకి ఒక మనిషి బాధ్యత వహించే ఏర్పాటు ఇది.

సీసా మూతిని మూసే లక్కకు నాణ్యతను బట్టి వేర్వేరు రంగులు వాడడం కూడా ఈ కాలపు పద్ధతే. జర్మన్ భాషలోని లాక్, తెలుగులోని లక్క అనే మాటలు రెండూ సంస్కృత పదమైన లాక్షా నుండి వచ్చినవే.

వైన్ల శ్రేణి

ఎస్టేటు ఇప్పటికీ ప్రధానంగా రీస్లింగ్ ద్రాక్షనే సాగుచేస్తున్నది. రసంలో ఉండే చక్కెర పాళ్ళను, కోత సమయాన్ని బట్టి శ్రేణులు ఏర్పడ్డాయి. 1971 నాటి జర్మన్ వైన్ చట్టం ఈ పేర్లలో అనేకానికి కచ్చితమైన నిర్వచనాలిచ్చింది. రంగుల వివరాలు ఇవి:

పసుపు లక్క: నిత్యవాడుకకు ఉద్దేశించిన నాణ్యమైన వైన్.
ఎరుపు లక్క: కాబినెట్. తేలికైన రకం.
ఆకుపచ్చ లక్క: ష్పేట్‌లేజె. ఆలస్యంగా కోసిన కాయలతో చేసినది.
గులాబీ లక్క: ఔస్‌లేజె. బాగా పండిన గుత్తులను ఏరి చేసినది.
గులాబీ-బంగారు లక్క: బేరెన్‌ఔస్‌లేజె. అతిగా పండిన కాయలను విడివిడిగా ఏరి చేసినది.
బంగారు లక్క: ట్రాకెన్‌బేరెన్‌ఔస్‌లేజె. తీగమీదే ఎండుద్రాక్షవలె ముడుచుకుపోయిన కాయలతో చేసినది. అన్నిటికంటె తియ్యనిది, అరుదైనది.
నీలి లక్క: ఐస్‌వైన్. తీగమీద గడ్డకట్టిన కాయలను ఆ స్థితిలోనే పిండి చేసినది.

యోహానిస్‌బెర్గ్‌లో మొదటి ఐస్‌వైన్ 1858లో, అంటే మెటర్నిక్ మరణానికి ముందు సంవత్సరం, తయారైంది. తియ్యదనం లేని మేలురకం వైన్‌కు వెండి లక్క రంగును వాడుతున్నారు.

అణచివేత విధానం, పతనం

ఎస్టేటు లభించిన మూడేళ్ళకు, 1819లో, నాటక రచయిత కొట్జెబూను ఒక విద్యార్థి హత్య చేశాడు. దీనిని ఆధారం చేసుకొని మెటర్నిక్ జర్మన్ రాజ్యాల చేత కార్ల్స్‌బాద్ శాసనాలను ఆమోదింపజేశాడు. వీటివల్ల పత్రికలపై ముందస్తు తనిఖీ, విశ్వవిద్యాలయాలపై నిఘా అమలులోకి వచ్చాయి. విద్యార్థి సంఘాలను నిషేధించారు. ఇటలీలోని తిరుగుబాటును 1821లో ఆస్ట్రియా సైన్యం అణచివేసింది. అగ్రరాజ్యాల మధ్య పెద్ద యుద్ధం రాకుండా దశాబ్దాలపాటు నివారించిన ఘనతను కొందరు చరిత్రకారులు ఇతనికి ఇస్తారు. ఆ శాంతికి ప్రజల స్వేచ్ఛ మూల్యమైందని మరికొందరి విమర్శ.

1848, మార్చి 13న వియన్నాలో విద్యార్థులు, కార్మికులు తిరుగుబాటు చేశారు. మెటర్నిక్ తొలగింపు వారి ప్రధాన కోరిక. అదే రోజు ఇతడు రాజీనామా చేసి, కుటుంబంతో దేశం విడిచి ఇంగ్లండు చేరాడు. లండన్, బ్రైటన్‌లలో కొంతకాలం, తరువాత బ్రస్సెల్స్‌లో నివసించాడు.

చివరి దశ

ప్రవాసం ముగించుకొని 1851 జూన్‌లో మెటర్నిక్ మొదట యోహానిస్‌బెర్గ్‌కే వచ్చాడు. ఆ వేసవిలో ప్రష్యా రాజు నాలుగవ ఫ్రెడరిక్ విలియం, అప్పటికి యువ దౌత్యవేత్త అయిన బిస్మార్క్ ఇతనిని ఇక్కడ కలిశారు. ఆస్ట్రియా ప్రమేయం లేకుండా జర్మనీని ఏకం చేసి, మెటర్నిక్ కాపాడిన ఏర్పాటును పూర్తిగా చెరిపివేసినవాడు బిస్మార్కే కావడం విశేషం. ఆ సెప్టెంబరులో మెటర్నిక్ వియన్నాకు తిరిగి వెళ్ళాడు. 1859, జూన్ 11న తన 86వ యేట అక్కడే మరణించాడు. ఇతని సమాధి బొహీమియాలోని ప్లాసీలో ఉంది. కుమారుడు రిచర్డ్ తండ్రి పత్రాలను 1880 నుండి 1884 వరకు సంపుటాలుగా వెలువరించాడు.

ఎస్టేటు తదనంతర చరిత్ర

1942లో జరిగిన వైమానిక దాడిలో యోహానిస్‌బెర్గ్ భవనం, చర్చి ధ్వంసమయ్యాయి. యుద్ధానంతరం మెటర్నిక్ వంశీయుడు పాల్ ఆల్ఫోన్స్, అతని భార్య తతియానా వాటిని పునర్నిర్మించారు. పాల్ ఆల్ఫోన్స్ 1992లో మరణించడంతో ఆ వంశం అంతరించింది. ఎస్టేటు ఓట్కర్ వ్యాపార సంస్థల కుటుంబానికి చెందింది. అక్కడి నేలమాళిగలో 18వ శతాబ్దపు సీసాలు కూడా భద్రంగా ఉన్నాయి. అమెరికాలో రీస్లింగ్ ద్రాక్షను చాలాకాలం యోహానిస్‌బెర్గ్ రీస్లింగ్ అనే పిలిచేవారు.