రహీమ్ సాబ్: కోచ్‌గా మారిన బడిపంతులు

భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) మన హైదరాబాద్ బడిపంతులు. 1950లో సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. ఆ జట్టు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోలు చేశారు. దక్షిణ కొరియాపై 2–1తో గెలిచాం. ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం మనకు మళ్లీ దక్కలేదు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీమ్ కన్నుమూశారు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఎరిగిన గురువు ఆయన. మాడుగులపల్లి మైదానంలో విజిల్ ఊదే ప్రతి పీఈటీ సారుకూ ఆయన పెద్దన్నే.